భాష చాటున మెరికలు

* ఇంట తెలుగు.. బడిలో తమిళం, కన్నడం, ఒడియా
* మాట తడబడితే ‘మొద్దు’ అనే ముద్ర
* గురువు గుర్తిస్తేనే బతుకుకు దారి

లెక్కకు జవాబు నోటితో టక్కున చెప్పేస్తాడు.. బోర్డు మీద చేసి చూపమంటే దిక్కులు చూస్తాడు. పాఠంలో లేని ప్రశ్న అడుగుతుంది.. పరీక్షలో మాత్రం అత్తెసరు మార్కులే. ‘తెలివుంది గానీ శ్రద్ధ లేదండీ’ అన్న ఒక్క మాటతో ఇలాంటి పిల్లల సంగతి చాలా బడుల్లో ముగిసిపోతోంది. హోసూరు, బళ్లారి, రాయగడ లాంటి సరిహద్దు ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు దీనికితోడు భాష మరో అడ్డుగోడ.

ఫస్టొస్తేనే ప్రతిభా?

తెలివైన విద్యార్థి ఎవరంటే ఉపాధ్యాయులు సాధారణంగా చూపించేది తరగతిలో ఫస్టొచ్చేవారినే. చెప్పింది అప్పజెప్పేవారు, నోటుబుక్కు నీటుగా పెట్టేవారు, ఎదురు ప్రశ్న వేయనివారు ముందు కంటపడతారు. ప్రతిభ అంతకన్నా విశాలమైనది. సగటుకు మించిన సామర్థ్యం, కొత్తగా ఆలోచించే గుణం, పట్టిన పని వదలని పట్టుదల.. ఈ మూడూ కలిసిన చోటే ప్రతిభ ఉంటుందని అమెరికా విద్యావేత్త జోసెఫ్ రెంజుల్లి 1978లో ప్రతిపాదించారు. మార్కుల జాబితాలో ఈ మూడూ కనిపించవు.

మనవాళ్లలోనే ఉదాహరణ ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో, మద్రాసులో. ఆరియోమైసిన్ మందు వెలుగు చూసింది ఆ తర్వాత ఆయన నడిపిన పరిశోధన బృందంలోనే. మొదటి రెండు ఫలితాలే కొలమానమైతే ఆయన కథ అక్కడే ఆగిపోయేది.

మూడు భాషలొచ్చినా వెనుక బెంచీనే

కృష్ణగిరి జిల్లాలో ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, పొరుగు ఊళ్లో కన్నడం మాట్లాడే పిల్లలు కొత్తేమీ కాదు. ఎదుటి మనిషిని బట్టి మాట మార్చే ఆ నేర్పును బడి లెక్కలోకి తీసుకోదు. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తమిళాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేసింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలైన అమలు ఏటా ఒక్కో తరగతి పైకి జరిగింది. ఏ భాషైనా నేర్చుకోవడం మేలే. చిక్కల్లా ఒక్కటే.. పిల్లాడికి పాఠం అర్థం కాలేదా, ప్రశ్నలోని భాష అర్థం కాలేదా అన్నది తేల్చుకోకుండానే ‘మొద్దు’ అని తీర్పిచ్చేస్తున్నారు. అదే లెక్కను తెలుగులో అడిగి చూస్తే తేడా తేలిపోతుంది.

ఇలా పసిగట్టొచ్చు

* ‘ఎందుకు’, ‘అలా కాకుంటే’ అని పదేపదే అడుగుతారు.
* మధ్య మెట్లు వదిలేసి నేరుగా జవాబుకు వెళ్తారు.
* తెలిసిన పాఠమైతే విసుగు. పని ముందే ముగించి అల్లరికి దిగుతారు.
* తమకన్నా పెద్దవాళ్లతో స్నేహం చేస్తారు.
* ఒక్క విషయం మీద ఎడతెగని ఆసక్తి.. రేడియో విప్పడం కావచ్చు, పురుగుల్ని గమనించడం కావచ్చు.
* మాటల్లో చురుకు, రాతలో తడబాటు ఉంటే చదవడంలో ఇబ్బంది ఉందేమో చూడాలి. అలాంటి పిల్లల్లోనూ మెరికలుంటారు.

నెమ్మదస్తురాలని వదిలేసే ఆడపిల్లల విషయంలో ఈ చూపు మరింత అవసరం.

పనిభారం కాదు.. పదును కావాలి

పది లెక్కలు ముందే చేసినవారికి అలాంటివే మరో ఇరవై ఇవ్వడం శిక్షే అవుతుంది. లీడర్‌ను చేసి క్లాసు కాయమనడమూ చదువు కాదు. వారికి కావలసింది కాస్త కష్టమైన ఒక్క లెక్క, పై తరగతి పుస్తకం, తప్పు చేసినా నవ్వని తరగతి, సాటి ఆసక్తి ఉన్న తోడు. ఒంటరిగా మిగిలితే ఆ పిల్లలే తెలివి దాచుకోవడం నేర్చుకుంటారు. ప్రతిభావంతుల బోధనను బీఈడీలో ప్రత్యేకాంశంగా ఎంచుకునే వీలుండాలని 2020 జాతీయ విద్యావిధానం సూచించింది. అంతదాకా ఆగలేని ఉపాధ్యాయులకు పై పనులకు ఖర్చేమీ లేదు.

దరఖాస్తు దగ్గరే ఆగిపోతే..

గుర్తించకపోతే జరిగే నష్టం రూపాయల్లోనూ ఉంది. కేంద్రం 2008లో ప్రారంభించిన జాతీయ ఉపకార వేతన పథకం (ఎన్‌ఎంఎంఎస్‌) పరీక్షను 8వ తరగతిలో రాస్తారు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలు, కుటుంబ వార్షికాదాయం రూ.3.5 లక్షలు మించనివారు అర్హులు. ఎంపికైతే 9 నుంచి 12వ తరగతి వరకు ఏడాదికి రూ.12 వేల చొప్పున మొత్తం రూ.48 వేలు. ఇందులో ఒక పేపరు పూర్తిగా ఆలోచనా శక్తికి సంబంధించిందే. అయితే రాయాలంటే 7వ తరగతిలో 55 శాతం మార్కులుండాలి (ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు). భాషలో వెనుకబడి ఆ గీత దాటలేని పిల్లాడు ఆలోచనా శక్తి చూపే అవకాశమే పోగొట్టుకుంటాడు.

రాళ్లు కొట్టే, పూలతోటల్లో కూలికెళ్లే ఇళ్లలో ఇలాంటి పరీక్ష ఒకటుందని చెప్పేదీ ఉపాధ్యాయుడే. అందుకే చూపు 8వ తరగతిలో కాదు, 6వ తరగతిలోనే మొదలవ్వాలి. భాషలో సాయం చేయడానికి అప్పటికింకా సమయం ఉంటుంది.