తొందరే తొలి ప్రమాద సూచిక

కంపెనీ అధికారినంటూ ఎవరో ఫోను చేశారు. పంపిన కోడ్‌ను స్కాన్ చేసి పిన్ నొక్కితే పాత రాయితీ జమ అవుతుందనీ, గడువు ఆ సాయంత్రమే ననీ చెప్పారు. మా శాఖ ఖాతాదారైన ఎరువుల డీలరు అలాగే చేశారు. రాయితీ రాలేదు సరికదా, ఖాతాలోని సొమ్మే పోయింది. లెక్కలలో దిట్ట అయిన వ్యక్తి ఎందుకు మోసపోయారు?

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ స్టయానో, పాల్ విల్సన్‌తో కలసి 2011లో ప్రచురించిన పరిశోధనలో ఇందుకు సమాధానం ఉంది. మోసగాడు వాడుకునే మానవ స్వభావాలను వారు ఏడు సూత్రాలుగా వివరించారు. అధికారి మాటకు తలవంచడం, అవసరం లేదా ఆశ, సమయం చాలదన్న తొందర వాటిలోనివే. తొందరలో మనిషి ఆలోచించడు. అలవాటు కొద్దీ నిర్ణయిస్తాడు.

కనుక ఎవరైనా తొందరపెడితే అక్కడే ఆగాలి. సొమ్ము చెల్లించడానికి యూపీఐ పిన్ కావాలి. స్వీకరించడానికి ఎన్నడూ అక్కరలేదు.

ఆ డీలరు నలుగురూ నవ్వుతారని మూడు రోజులు మౌనం వహించారు. ఈలోగా సొమ్ము అనేక ఖాతాలు దాటిపోయింది. వెంటనే 1930కు ఫోను చేసి, బ్యాంకుకు తెలిపితే, మోసగాని ఖాతాలో మిగిలిన సొమ్మును నిలిపివేసే అవకాశం ఉంటుంది. మోసపోవడం నేరం కాదు, దాచడమే నష్టం.