చెప్పకుండా కలిపే పొడి వద్దు

నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో కొందరు గొంతు తగ్గించి అడుగుతారు. “హకీం సాబ్, మా ఆయనకు తెలియకుండా సాంబారులో కలిపే పొడి ఉంటే ఇవ్వండి, తాగుడు మానేస్తాడు” అని. గోడల మీద ప్రకటనలు చూసి వస్తారు, పాపం. మనిషికి తెలియకుండా తాగుడు మాన్పించే మందు యునానీలోనే కాదు, ఏ వైద్యంలోనూ లేదు.

ఆ పొట్లాల్లో ఏముందో కట్టినవాడికే తెలియాలి. కొందరైతే డైసల్ఫిరామ్ అనే ఇంగ్లీషు మాత్రను నూరి కలుపుతారు. అది మంచి మందే, దాని గుణాన్ని 1948లో డెన్మార్కు వాళ్లు బయటపెట్టారు. తాగిన ఆల్కహాలు ఒంట్లో ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారి, ఆ తర్వాత విరిగిపోతుంది. ఈ మాత్ర ఆ విషాన్ని విరగనివ్వదు. మాత్ర మీద తాగితే మొహం ఎర్రబడుతుంది, గుండె దడ, వాంతులు, ఆయాసం వస్తాయి, బీపీ పడిపోతుంది. గుండెజబ్బు ఉన్నవాడికి ప్రాణం మీదికి రావచ్చు. మాత్ర ఆపినా రెండు వారాల దాకా ఈ ప్రమాదం ఉంటుంది. అందుకే డాక్టరు పరీక్షలు చేసి, రోగిని ఒప్పించి ఇస్తారు. మాత్ర వేసుకున్నట్టే తెలియనివాడు తాగకుండా ఎలా ఉంటాడు?

ఇంకొందరు గదిలో పెట్టి తాళం వేస్తారు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపితే కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. మూడో రోజుకల్లా లేని పురుగులు కనబడటం, లేనివాళ్లతో మాట్లాడటం మొదలుకావచ్చు. దయ్యం పట్టిందని తాయెత్తు కోసం తిరుగుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ పరువుకోసం తాగుడు సంగతి దాచవద్దు. గ్లూకోజు ఎక్కించేముందు బి1 విటమిను ఇవ్వవలసి ఉంటుంది, లేకపోతే మెదడు దెబ్బతినవచ్చు.

గుండె, మెదడు, జిగర్ అంటే కాలేయం, ఈ మూడూ శరీరానికి రాజుల్లాంటివని యునానీ చెబుతుంది. జిగర్‌కు కాస్నీ, మకో అర్కులు మేమిస్తాం. మకో అంటే మన కామంచే. కానీ పొద్దున అర్కు, రాత్రి సీసా అయితే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. కొవ్వు పట్టిన కాలేయం తాగుడు మానితే కొన్ని వారాల్లో తేరుకోగలదు. గట్టిపడి ముడుచుకున్నాక మళ్లీ మునుపటిలా కావడం కష్టం. కళ్లు పచ్చబడినా, పొట్టలో నీరు చేరినా, నెత్తురు కక్కినా నా దగ్గరికి కాదు, పెద్దాసుపత్రికి వెళ్లండి.

అమ్మా, ఆయన తాగేది మీ వల్ల కాదు. అత్తగారు అన్నా, ఆయనే అన్నా నమ్మకండి. సీసా దాచడం, అప్పు తీర్చడం, ఒంట్లో బాగాలేదని ఆఫీసుకు అబద్ధం చెప్పడం, వీటితో మీరు అలసిపోతారు, తాగుడు మాత్రం ఆగదు. ఆయన తాగని పూట, పిల్లలు లేనప్పుడు మాట్లాడండి. బెంగళూరులో నిమ్హాన్స్, చెన్నైలో టీటీకే ఆసుపత్రి ఈ వైద్యానికి పేరున్నవి. పెద్ద ప్రభుత్వాసుపత్రుల మానసిక విభాగాల్లోనూ చూస్తారు. 14446కు ఫోను చేస్తే డబ్బు పడదు. ఆయన రానంటే ముందు మీరే చేయండి.