ఎండలో సాలెగూడు

పిల్లలూ! విశాఖ ఓడరేవు పక్కనున్న మా మల్కాపురంలో దుమ్ముకు కొదవ లేదు. నేను రోజూ నా స్కూటరును పొడిగుడ్డతో తుడిచి, శుభ్రం చేశాననుకొనేవాణ్ణి. ఒకనాడు ఎండలో చూస్తే, సూర్యుని ప్రతిబింబం చుట్టూ సాలెగూడువంటి వలయాలు! నేను పక్కకు జరిగితే అవీ జరిగాయి.

దుమ్ములోని ఇసుకరేణువులు రంగుపై అన్ని దిక్కులా గీతలు గీస్తాయి. వెలుగుకు అడ్డంగా ఉన్న గీతలే మెరుస్తాయి; అందుచేత వలయాలుగా తోస్తాయి. పాత స్టీలుపళ్లెం ఎండలో పట్టి చూడండి, ఇదే వింత!

పాలిష్ పెట్టి రుద్దితే నునుపు వస్తుంది. కాని గీత పూడదు సుమా! చుట్టూ ఉన్న పూతే అరిగి, దానితో సమమవుతుంది. కార్లపై ఆ పారదర్శకమైన పైపూత మందం మిల్లీమీటరులో సుమారు 20వ వంతే. మాటిమాటికీ అరగదీస్తే ఏం మిగులుతుంది?

కనుక ముందు నీళ్లు పోసి దుమ్ము కడగండి. ఆ తరువాతనే మెత్తని గుడ్డ పట్టండి.