వక్షోభారము - శస్త్రచికిత్స

ధర్మవరమునఁ గండెలు చుట్టు నామెకు మెడ నొచ్చినచో మగ్గపుఁబని వలన నందురు. హిందూపురము సంతలోఁ జింతపండు గంప మోయు నామె భుజములు పీఁకినను నదే మాట. బరువు గంపలోనే యుండనక్కఱలేదు. స్తనముల యధికభారము గూడ మెడను, వీఁపును నొప్పించును. లోరవికె పట్టీలు భుజములలో దిగి చాళ్లు పడును. పెనుగొండ యెండలకుఁ జెమట నిలిచి స్తనముల క్రింది చర్మ మొరసి పుండగును. సిగ్గుచే నెవ్వరికిని జెప్పము.

ఈ భారమును దగ్గించు శస్త్రచికిత్స గలదు. మత్తిచ్చి, అధికమైన క్రొవ్వును, పాలగ్రంథులలోఁ గొంతభాగమును, మిగులు చర్మమును దీసి, చనుమొనను బైకి జరిపి కుట్టుదురు. సుఖము వైద్యుని కంటి కేమి తెలియును? అందులకై 2009 లో ‘బ్రెస్ట్-క్యూ’ యను ప్రశ్నావళి వెలువడినది. అది రోగినే యడుగును. శస్త్రచికిత్స పిమ్మట నొప్పి తగ్గెననియు, నలుగురిలోఁ దిరుగుటకు జంకు పోయెననియుఁ బెక్కుండ్రు చెప్పిరి. ఇది సోకు కొఱకని మే మనుకొనము. అత్తగా రనవచ్చును, మోయునది కోడలు గదా!

అయినను మచ్చలు మిగులును. చనుమొన స్పర్శ తగ్గవచ్చును. పాలిచ్చుట కష్టము కావచ్చును. ఇంకను బిడ్డలను గోరువారు మొదట నీ మాటయే యడుగవలెను. గడ్డ యేదేని చేతికిఁ దగిలినచో ముందు దాని పరీక్ష కావలెను. మన మూఁడూళ్లును బెంగుళూరు రైలుదారిలోనివే. అచ్చటఁ బ్లాస్టిక్ సర్జనులు గలరు.