యంత్రం చూసిన కన్ను

చక్కెర వ్యాధి ఉన్నవారు "చూపు బాగానే ఉందిగా, కంటి పరీక్ష ఎందుకండీ?" అంటుంటారు. కంటి వెనుక రెటీనాలో సన్నని రక్తనాళాలు చెడుతున్నా చాలాకాలం చూపు తగ్గదు, నొప్పీ ఉండదు. తగ్గాక వస్తే, పోయిన చూపును పూర్తిగా తిరిగి తేవడం కష్టం.

రెటీనాను ఫోటో తీస్తే, డాక్టరు చూడకుండానే ఈ లోపాన్ని పట్టే కృత్రిమ మేధ పరికరానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో అనుమతి ఇచ్చింది. రేపు మన వీధి మందుల షాపులోనూ ఇలాంటిది కనిపించవచ్చు. రానివ్వండి, కంటి డాక్టరు లేని ఊళ్ళకు మేలే! అయితే అది వెతికేది చక్కెర వల్ల వచ్చే చెడుపునే, నీటికాసులను కాదు. "లోపం లేదు" అని చీటీ ఇచ్చినా ఏడాదికి మళ్ళీ చూపించుకోవాలి. "ఉంది" అంటే ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. చక్కెర, రక్తపోటు పరీక్షల కాగితాలు కూడా పట్టుకెళ్ళండి.