గుజ్జెనగూళ్ళు

మొన్న మా వీథి అరుగుమీద నాకొక విందు జరిగినది. వండి వడ్డించినది నాలుగేండ్ల మనుమరాలు. పొయ్యిలో నిప్పు లేదు, గిన్నెలో మెతుకు లేదు. అయినను "వేడిగా ఉందండీ, ఊదుకుని తినండి" అని హెచ్చరించినది. నేను ఊదుకొనక చేయి చాచితిని. "కాలింది కదా! చెప్పానా?" అని నా వ్రేలు పట్టుకొని తానే ఊదినది. దినమంతయు నన్ను "నువ్వు" అని పిలుచు ఆ పిల్ల, విందు పెట్టునపుడు మాత్రము "మీరు" అన్నది.

ఈ ఆటకు తెలుగున గుజ్జెనగూళ్ళని పేరు. భాగవత దశమస్కంధమున పోతన, బాల రుక్మిణి బొమ్మల పెండ్లిండ్లు చేయుచు, గుజ్జెనగూళ్ళు వండించి చెలులకు పెట్టించుచు పెరిగినదని వర్ణించినాడు. రాజకుమార్తెకు వంట నేర్వవలసిన అక్కఱ ఏమున్నది? ఆ ఆటలో పిల్లలు నేర్చునది వంట కాదు.

ఆ విందులోని పాత్రలు లక్కపిడతలు. ఇట్టి బొమ్మలకు వరాహనది ఒడ్డున గల ఏటికొప్పాక పేరుపొందినది. అచ్చటివారు మెత్తని అంకుడు కఱ్ఱను తరిమెన పట్టి, తిరుగుచున్న కఱ్ఱకు రంగు కలిపిన లక్కను ఒరయింతురు. రాపిడి వేడిమికి లక్క కరగి కఱ్ఱను పట్టుకొనును. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. నన్ను ఆకర్షించునది వాని నునుపు కాదు, వాని మౌనము. పిడత తిరగలి తిరుగును గాని పిండి రాలదు. ఆ రాలని పిండిని పిల్ల తన మనస్సునుండి రాల్చుకొనవలెను. మీట నొక్కగనే తానే పాడి, తానే మాటలాడు బొమ్మలు నేడు అంగళ్ళనిండ ఉన్నవి. అవి పిల్లకు మిగిల్చిన పని మీట నొక్కుట యొక్కటియే.

సోవియట్ రష్యాకు చెందిన మనశ్శాస్త్రవేత్త లెవ్ వైగోత్‌స్కీ 1933లో ఆటను గూర్చి చేసిన ప్రసంగమున దీని రహస్యమును విప్పినాడు. కఱ్ఱను గుఱ్ఱమని స్వారి చేయు బాలుని చిత్తమున, వస్తువునుండి అర్థము మొదటిసారి విడివడుచున్నది. చింతగింజ అన్నమగుటయు ఇదియే. అక్షరమును ఇట్టిదే కదా! "క" అను గీత ధ్వని కాదు, ధ్వనికి బదులు నిలుచును. పలక పట్టకముందే ఆ బాట గుజ్జెనగూళ్ళలో పడినది. ఆయన మరియొకటి చూపినాడు. ఉత్తుత్తి ఆటయనగా ఇచ్చవచ్చినట్లు ఆడుట కాదు. మిఠాయిని తినరాని వస్తువుగా భావించి ఆడుచున్నంతసేపు పిల్లలు దానిని నోట వేసికొనరు. పెద్దలు కసరినను నిలువని చేయి, ఆట నియమమునకు నిలుచును.

తెలుగు చెప్పుకొనువాడను గనుక నాకు ముద్దుగా తోచు విషయ మొకటి కలదు. వ్యాకరణమున "అట" అనునది విన్న మాటను తెలుపును. "వాడు వచ్చెనట" యన్నచో, నేను చూడలేదు, ఎవరో చెప్పిరి అని అర్థము. పిల్లల వాడుకను ఆలకింపుడు: "నేను డాక్టరునంట, నీకు జ్వరమంట." చెప్పినవారెవరు? ఎవరును లేరు. ఇది నిజము కాదు, నిజమని నడుపుకొందము అను ఒప్పందమును ఆ రెండక్షరములలో ఇమిడ్చినారు. ఈ ప్రయోగమును వారికి ఏ పంతులును నేర్పలేదు. "మీరు"ను సహితము ఇచ్చటనే సాధన చేయుదురు. అతిథితో ఎట్లు, కూరలమ్మితో ఎట్లు, అత్తగారితో ఎట్లు పలుకవలెనో, తప్పినను నవ్వువారు లేని చోట పలికి చూచుకొందురు.

అయితే బొమ్మ కొనియిచ్చినంతనే బుద్ధి పెరుగునని చెప్పు అమ్మకపువారిని నమ్మ నక్కఱలేదు. 1939లో మదరాసు అడయారునకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిన మరియా మాంటిసోరి, పిల్లలు ఆటబొమ్మలకంటె నిజమైన పనినే కోరుదురని భావించినది. 2013లో అమెరికాలో ఏంజెలిన్ లిల్లార్డ్, ఆమె సహచరులు అనేక పరిశోధనలను తరచి చూచి, ఉత్తుత్తి ఆటవలననే బుద్ధి వికసించునని చెప్పుటకు తగిన ఋజువు లేదని, భాష, కథనము వంటి వానికి దానివలన మేలు కలుగుట సాధ్యమే యని తేల్చిరి. నాకు ఈ తీర్పు న్యాయముగనే తోచుచున్నది. మా యిండ్లలో ఈ తగవు ఎన్నడును రాలేదు. అమ్మ తరిగిన బెండకాయ తొడిమలు పిల్ల పిడతలోనికి పోయెడివి; నిజమైన పనియు ఉత్తుత్తి పనియు ఒకే చాపమీద సాగెడివి. మగపిల్లలను ఆ చాపమీదినుండి లేపి వేయుట మాత్రము మనము చేసిన పొరపాటే.

2020 నాటి జాతీయ విద్యావిధానము మూడేండ్లనుండి ఎనిమిదేండ్లవరకు ఆటపాటలతోనే చదువు సాగవలెనన్నది. ఇటీవల నేను చూచిన ఒక బడిలో చక్కని లక్కపిడతలు అద్దాల బీరువాలో తాళము వేయబడి యున్నవి. ఎదుట మూడేండ్ల పిల్లలు పలకలపై అ, ఆలు దిద్దుచున్నారు. పోయినచో లెక్క చెప్పవలెనని పంతులమ్మగారి భయము. ఆ భయము అర్థము కానిది కాదు. కాని చింతగింజలకు, కొబ్బరిచిప్పలకు, పాత చీరకు లెక్క చెప్పనక్కఱలేదు. ఒక మూల చాప, అరగంట వ్యవధి, వారి మాటలలో మనము తల దూర్చకుండుట: ఇంతమాత్రము చాలును.

నా విందు ముగిసినది. పిడతలు బుట్టలో సర్దుకొనుచు మా మనుమరాలు, "తాతయ్యా, నువ్వు లే. చాప మడవాలి" అన్నది.