పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదా?

కడియం చుట్టుపట్ల గ్రామాల నుండి వైద్యానికి వచ్చేవారి వెంట తరచుగా తల్లిగారో, భార్యో, అన్నగారో ఉంటారు. రోగి తన అజీర్ణం గురించి చెప్పుకొంటాడు; వెంట వచ్చినవారు అతని కోపం గురించి, పొగాకు గురించి, బద్ధకం గురించి చెబుతారు. చివరకు "వాడి బుద్ధే అంతండి, పుట్టుకతో వచ్చింది పుడకలతోగాని పోదు" అని నిట్టూరుస్తారు. ఆ మాట రోగి చెవిన పడుతూనే ఉంటుంది. పథ్యం పాటించాలన్న ఉత్సాహం అక్కడే సగం చల్లబడిపోతుంది. కనుక మానవ స్వభావం ఎటువంటిది, అది మారుతుందా అనే ప్రశ్న వేదాంతులకే పరిమితం కాదు. వైద్యునికీ అది నిత్యం ఎదురయ్యేదే.

సామెతలో సగం సత్యం ఉన్నది. శుక్రశోణితాల సంయోగ వేళ ప్రబలంగా ఉన్న దోషాన్ని బట్టి దేహప్రకృతి ఏర్పడుతుందనీ, అది జీవితాంతం నిలిచి ఉంటుందనీ సుశ్రుతుడు శారీరస్థానంలో చెప్పాడు. ప్రకృతి తారుమారు కావడాన్ని ఆయుస్సు తీరినవాని లక్షణంగా ఎంచాడు. చరకుడు కాలాన్ని, గర్భాశయ స్థితిని, తల్లి ఆహారవిహారాలను కూడ ప్రకృతికి కారణాలుగా చేర్చాడు. వాతప్రకృతి గలవానికి చంచలత్వం, పిత్తప్రకృతి గలవానికి ఆకలికి ఓర్వలేకపోవడం, కఫప్రకృతి గలవానికి నిదానం సహజాలు. వీటిని మార్చబూనడం వృథాప్రయాస.

మనస్సు విషయం వేరు. సత్త్వ రజస్తమో గుణాలలో రజస్సును, తమస్సును మాత్రమే చరకుడు మానసిక దోషాలని పేర్కొన్నాడు. సత్త్వాన్ని ఆ పట్టికలో చేర్చలేదు. చాలామంది చదివి దాటిపోయే ఈ చిన్న విషయంలో గొప్ప అర్థం ఉన్నదని నా అభిప్రాయం. దోషమన్న తరువాత దానికి చికిత్స ఉండి తీరాలి. జ్ఞానం, విజ్ఞానం, ధైర్యం, స్మృతి, సమాధి అనే ఐదింటిని ఆయన ఆ చికిత్సగా చెప్పాడు. బుద్ధి, ధృతి, స్మృతి తప్పి చేసే పనులకు 'ప్రజ్ఞాపరాధం' అని పేరు పెట్టాడు.

ఇతర దేశాల పెద్దలూ ఈ చిక్కుతో పెనుగులాడినవారే. క్రీస్తుకు పూర్వం నాలుగవ శతాబ్దిలో చైనాలో మెన్షియస్ అనే తత్త్వవేత్త మనిషి స్వభావతః మంచివాడన్నాడు. గొడ్డళ్లతో నరికి, మొలిచిన చిగుళ్లను పశువులకు మేపి బోడిచేసిన కొండను చూసి, అసలు అక్కడ చెట్లే లేవనుకోవడం న్యాయమా అని ఆయన వాదం. మరుసటి శతాబ్దిలో షున్‌జీ అనే ఆచార్యుడు దీనికి ఎదురు తిరిగాడు. స్వభావం చెడ్డదే, వంకర కర్రను ఆవిరి పట్టి సరిచేసినట్లు శిక్షణతో దిద్దాలన్నాడు. ఆలోచిస్తే, ఇద్దరూ శ్రద్ధ అవసరమనే అన్నారు. ఒకరు సంరక్షణ కోరారు, మరొకరు శిక్షణ కోరారు.

క్రైస్తవం మనిషి దైవ ప్రతిరూపమంటుంది, పతనం చెందాడనీ అంటుంది. క్రీ.శ. 354–430 మధ్య జీవించిన అగస్టీన్ ఆ పతనాన్ని జన్మసిద్ధంగా భావించి, దైవానుగ్రహమే శరణ్యమన్నాడు. ఇస్లాం జన్మపాపాన్ని అంగీకరించదు. ప్రతి శిశువూ 'ఫిత్రత్' అనే నిర్మల స్వభావంతోనే పుడుతుందంటుంది. జైనులు జీవుడు సహజంగా అనంతజ్ఞాని అనీ, కర్మ అతనిని కప్పి ఉంచుతున్నదనీ అంటారు. ఫ్రాన్సులో సార్త్ర్ 1945లో చేసిన ప్రసంగంలో మనిషికి ముందే నిర్ణయమైన స్వభావమంటూ లేదన్నాడు. పురుళ్ల ఇంట పక్కపక్కన పడుకోబెట్టిన ఇద్దరు పసికందులను ఒక రాత్రి కనిపెట్టి చూస్తే ఆయన ఏమనేవాడో!

వైద్యునిగా నాకు బౌద్ధుల మార్గం మిక్కిలి దగ్గరగా తోస్తుంది. ఏలూరు జిల్లా కామవరపుకోట దాపున గుంటుపల్లి కొండలలో క్రీస్తుకు పూర్వపు బౌద్ధ గుహలు నేటికీ ఉన్నవి. ఆ ధర్మాన్ని అనుసరించిన బుద్ధఘోషుడు ఐదవ శతాబ్దిలో సింహళంలో 'విశుద్ధిమగ్గ' రచించాడు. మనుష్యులను రాగచరితులు, ద్వేషచరితులు, మోహచరితులు మొదలైన ఆరు తెగలుగా విభజించి, ఒక్కొక్కరికి తగిన ధ్యానాన్ని, నివాసాన్ని సైతం నిర్దేశించాడు. ద్వేషచరితునికి నీడ, నీరు గల ఆహ్లాదకరమైన చోటు కావాలట. రాగచరితునికి అందచందాలు లేని చోటే మేలట. ఇది తీర్పు చెప్పే పద్ధతి కాదు, పథ్యం చెప్పే పద్ధతి.

మా కడియపులంక నర్సరీలలో గులాబీకి ఎండ కావాలి, ఆంథూరియానికి నీడ కావాలి. నీడలో పెట్టిన గులాబీ పూయకపోతే తోటమాలి కుండీని ఎండలోకి జరుపుతాడు, అంతేగాని మొక్క బుద్ధి మంచిది కాదనడు.

ఇక ఆచరణ. చెడు అలవాటును ఒక్కసారిగా కాక నాలుగవ వంతు చొప్పున విడుస్తూ, విడిచినంత మేర మంచి అలవాటును చేర్చుకొంటూ రావాలని చరకుడు సూత్రస్థానంలో చెప్పాడు. రోజుకు ఎనిమిది కప్పుల టీ తాగేవారు మొదట ఆరుకు తగ్గించి, మిగిలిన రెండింటి స్థానంలో ధనియాలు, జీలకర్ర కాచిన నీరు తీసుకోవాలి. అది నిలదొక్కుకున్నాక నాలుగు, ఆపైన రెండు. తొందరపడితే పాత అలవాటు రెట్టింపు బలంతో తిరిగి వస్తుంది. పిత్తప్రకృతి గలవారి కోపం చాలా ఇళ్లలో మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మొదలవుతుంది. వారికి హితబోధ కంటే వేళకు భోజనం, కాసింత మజ్జిగ ముఖ్యం.

మద్యం విషయంలో మాత్రం ఇంటి వద్ద ఇటువంటి ప్రయోగాలు కూడవు. నిత్యం ఎక్కువగా తాగేవారు హఠాత్తుగా మానితే వణుకు, మూర్ఛ, సంధి ప్రేలాపనలు కలిగి ప్రాణాపాయం ఏర్పడవచ్చు. ఆసుపత్రిలో వైద్యుల పర్యవేక్షణలోనే మాన్పించాలి. అదే విధంగా వారాల తరబడి వీడని దిగులు, నిద్రలేమి, ఎవరికీ వినిపించని మాటలు వినబడటం వంటి లక్షణాలను స్వభావమని సరిపెట్టుకోరాదు. అవి వ్యాధులు. ఆలస్యం చేయక మానసిక వైద్యునికి చూపించాలి.